చెవి మిషన్లు తీసిన మధ్యాహ్నాలు

ఇరవై రెండేళ్లు నేను నయాపూల్ దగ్గర కోర్టులో పేర్లు పిలిచాను. కాగితాల మీద నా ఉద్యోగం అటెండరు. మా ఆయన అదే కోర్టులో పనిచేస్తూ పోతే, ఆయన బదులు నాకిచ్చారు. ఫైళ్లు మోయడం, జడ్జి సార్ బల్ల తుడవడం, నీళ్లు పెట్టడం అన్నీ ఉండేవి గానీ అసలు పని మాత్రం పిలవడమే. లోపల కేసు నంబరు చదవగానే నేను తలుపు దగ్గర నిలబడి వాది పేరు మూడుసార్లు, ప్రతివాది పేరు మూడుసార్లు పిలవాలి. వరండా అవతల చాయ్ తాగుతున్న మనిషికి కూడా వినపడాలి. మూడో పిలుపుకూ రాకపోతే లోపలికి తిరిగి "లేరు సార్" అనాలి. అంతటితో ఆ మనిషి ఆ రోజుకు గైర్హాజరు.

నా గొంతు మీద లాయర్లు పరాచికాలాడేవారు. "అమ్మ పిలిస్తే మూసీ అవతలున్నోడు గూడ ఉరికొస్తడు" అనేవారు. నేను విననట్టు మొహం పెట్టేదాన్ని గానీ లోపల గర్వంగానే ఉండేది. పదో తరగతి దాటని దాన్ని, అందం చందం లేనిదాన్ని, నాకంటూ ఉన్నది ఆ గొంతు ఒక్కటే.

నేను రిటైరైన ఏడాదే మనవరాలు పుట్టింది. నా గొంతు వినపడని మనిషి నా ఇంట్లోనే పుట్టింది.

ఆ సంగతి ఐదు నెలల దాకా మాకు తెలియలేదు. మా ఇల్లు దబీర్‌పురా స్టేషన్‌కు దగ్గర. రైలు కూత వేస్తే వంటింటి అలమరలో స్టీలు గ్లాసులు గలగలమంటాయి. ఆ మోతకు ఇల్లంతా ఒక క్షణం మాటలాపి, రైలు పోయాక మళ్లీ అందుకోవడం మాకు అలవాటు. మా పిల్ల మాత్రం రెప్ప కదపకుండా నిద్రపోయేది. నేను దాన్ని ఎంత గొప్పగా చెప్పుకున్నానో తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది. సందులో ఆడవాళ్లందరినీ పిలిచి చూపించాను. పక్కింటి ఖాలా వచ్చి, "ఇత్తీ ఆవాజ్ మే బీ సోరీ మా!" అని ఇంత చప్పుడులోనూ పడుకున్న పిల్లను చూసి బుగ్గన వేలు పెట్టుకుంది. ఆమె దిష్టి తగులుతుందని నేను ఆ సాయంత్రం ఉప్పూ మిరపకాయలూ తిప్పి పోశాను.

మొదట కనిపెట్టింది కోడలు.

"అత్తమ్మా, మనం ఎదురుంగ నిలవడితెనె నవ్వుతుంది. ఎనకనుంచి పిలిస్తె సూస్త లేదు" అంది ఒకరోజు అన్నం తింటూ.

"పుట్టి ఐదు నెల్లు గాలె, అప్పుడే దానికి వంకలు వెడుతున్నవా? తిన్నంక నోరు మూసుకొని పండు" అన్నాను.

నా నోరు అట్లాంటిది. కానీ ఆ రాత్రంతా ఆ మాట నన్ను పొడుస్తూనే ఉంది. మర్నాడు వాళ్లిద్దరూ డ్యూటీలకు పోయాక ఊయల వెనక నిలబడి, కోర్టులో పిలిచినట్టు, దాని పేరు పిలిచాను. మొదటిసారి పిలిస్తే ఖాలా గోడ మీంచి తొంగి చూసింది. రెండోసారికి సందులో పోతున్న తోపుడుబండి అతను ఆగాడు. మూడోసారి నా గొంతు నాకే చెవుల్లో మోగింది. పిల్ల ఫ్యాను వంక చూస్తూ కాళ్లు ఆడిస్తోంది. అలవాటు చెడ్డది. మూడో పిలుపు అవగానే "లేరు సార్" అనే మాట నోటిదాకా వచ్చింది. నోటికి కొంగు అడ్డం పెట్టుకుని అక్కడే కూలబడ్డాను.

తర్వాత ఆసుపత్రులు. నిద్రపుచ్చి తలకు వైర్లు అంటించి చేసే పరీక్ష రెండుసార్లు చేశారు. రెండు చెవులకూ వినికిడి బాగా తక్కువ అన్నారు. ఎనిమిదో నెలలో మిషన్లు పెట్టారు. చెవి వెనక చిక్కుడు గింజంత మిషన్, దాన్నుంచి సన్నని గొట్టం, చెవిలోకి దూరే మెత్తని అచ్చు. పీకి పారేయకుండా గౌనుకు తగిలించే దారం ఒకటి. వాటిని పెట్టిన ఆమెను మేము మేడం అనేవాళ్లం, నా కొడుకు కంటే చిన్నది.

"మెలకువగా ఉన్నంతసేపూ చెవులకు ఉండాల్సిందేనమ్మా. స్నానానికీ నిద్రకూ తప్ప తీయొద్దు. తీసినప్పుడు ఈ బ్యాటరీ తలుపు తెరిచి డబ్బాలో పెట్టండి. మూడు నెలలు చూద్దాం. వీటితో వినిపిస్తోందంటే సరే. లేదంటే చెవి లోపలే మిషన్ అమర్చే ఆపరేషన్ సంగతి ఆలోచించాలి. ఇప్పుడు పోయిన నెల మళ్లీ రాదు, మాట నేర్చే వయసు ఇదే" అంది.

అందరికంటే గట్టిగా తల ఊపింది నేనే. పగలంతా పిల్లను చూసుకునేది నేను కదా. కొడుకు కంచన్‌బాగ్‌లో లోహాల ఫ్యాక్టరీలో షిఫ్టుల మీద పనిచేస్తాడు, రాత్రి షిఫ్టైతే పగలంతా తలుపేసుకుని నిద్రే. కోడలు అక్కడే ఒక ల్యాబులో కాంట్రాక్టు మీద కంప్యూటర్ ఆపరేటరు. ఎనిమిదిన్నరకు స్కూటీ తీస్తే మళ్లీ ఐదున్నరకే రావడం.

మొదటి నాలుగు రోజులు నేను చెప్పినట్టే చేశాను. పిల్ల భయపడింది. కుక్కర్ కూస్తే ఉలిక్కిపడింది. నేను పళ్లెం కింద పెడితే పెదవి వణికింది. ఐదో రోజు మధ్యాహ్నం, మేము గుమ్మంలో కూర్చుని ఉండగా రైలు కూత వేసింది. ఆ పిల్ల మొహం నాకు ఇప్పటికీ కళ్ల ముందుంది. నోరు తెరిచింది గానీ కొంతసేపు ఏడుపు కూడా రాలేదు. గాలి అందక ఎర్రబడిపోయి, ఆ తర్వాత ఏడ్చిన ఏడుపు లాంటిది అది పుట్టిన నాటి నుంచి నేను వినలేదు. రెండు చేతులతో చెవులు గీరుకుంటోంది. నేను గబగబా మిషన్లు లాగేశాను. నిమిషంలో ఊరుకుంది. నా మొహంలోకి చూసి, ముక్కు చీదుతూనే నవ్వింది.

ఆ నవ్వు చూశాక మళ్లీ పెట్టబుద్ధి కాలేదు. నిద్ర లేచాక పెడదాంలే అనుకున్నాను. లేచాక, అన్నం తిన్నాక అనుకున్నాను. వారం తిరిగేసరికి స్కూటీ సందు దాటగానే తీయడం, స్కూటీ వచ్చే వేళకు పెట్టడం పద్ధతైపోయింది.

జాలితోనే తీశానని అంటే అది సగమే నిజం. సందులో ఆడవాళ్లు "ఏంది గవి, చెవులకు?" అని అడుగుతుంటే జవాబు చెప్పలేక చచ్చేదాన్ని. అదీ కారణమే. వీటన్నిటికంటే దాచుకున్న కారణం ఇంకోటుంది. మిషన్లు లేనప్పుడు ఆ పిల్లకు ప్రపంచమంటే నా మొహం. నా కళ్లు, నా పెదాలు, నా చేతులు, వాటినే చూస్తూ పొద్దంతా గడిపేది. మిషన్లు పెడితే నన్ను వదిలేసి తలుపు వంక, గోడ వంక, ఎక్కడెక్కడికో చూసేది. ఇరవై రెండేళ్లు నా గొంతు విని మనుషులు పరుగెత్తి వచ్చారు గానీ నా మొహం ఎవరూ చూడలేదు. ఇది చూస్తోంది. దాన్ని పోగొట్టుకోవాలనిపించలేదు నాకు. ఈ మాట ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

తీసిన మిషన్లను మాత్రం చాలా శ్రద్ధగా పెట్టేదాన్ని. మెత్తని గుడ్డతో తుడిచి, బ్యాటరీ తలుపులు తెరిచి, డబ్బాలో కుడిదీ ఎడమదీ వేరుగా.

సాయంత్రం నా చెవులు స్కూటీ కోసం కాచుకుని ఉండేవి. సందు మొదట్లో అది మలుపు తిరిగే చప్పుడు నాకు స్పష్టంగా తెలుస్తుంది. వినగానే డబ్బా తీసి, పిల్లను ఒళ్లో వేసుకుని, అచ్చులు చెవుల్లో తిప్పి పెట్టేదాన్ని. పొద్దంతా నిశ్శబ్దంలో ఉన్న పిల్ల ఒక్కసారిగా చప్పుళ్లలో పడేది. మిషన్ కీచుమనేది, పిల్ల గిలగిల్లాడేది, ఏడుపు ఎత్తుకునేది. సరిగ్గా అప్పుడే గేటు తెరుచుకునేది.

"నన్ను జూడంగనె ఏడుస్తది సూడు అత్తమ్మా" అని కోడలు మొదట్లో నవ్వుతూనే అంది.

తర్వాత నవ్వడం మానేసింది. హెల్మెట్‌కు భయపడుతోందేమోనని గేటు బయటే తీసేసి, జుట్టు సర్దుకుని లోపలికి వచ్చేది. మెడలో ఆఫీసు బిళ్ల తీసి సంచిలో వేసేది. ఒకరోజు మొహం కడుక్కుని, చీర మార్చుకుని, అప్పుడు ఎత్తుకుంది. అయినా పిల్ల ఏడుస్తూనే ఉంది. ఇంకోరోజు ఎత్తుకోనే లేదు. గడప మీద కూర్చుని, "నేను డ్యూటీకి వోవుడు దానికి కోపమేమో" అంది.

"ఆకలికి బిడ్డా, ఏం లేదు. ఫికర్ జెయ్యకు" అన్నాను.

అబద్ధం చెప్పేవాళ్లను నేను కొన్ని వేలమందిని చూసి ఉంటాను. బోనులో నిలబడినవాళ్లు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఇబ్బంది పడతారు. నాకు ఆ ఇబ్బంది కూడా లేదు, చేతుల్లో పిల్ల ఉంది.

మూడు నెలలు నిండాక మేడం దగ్గరకు వెళ్లాం. నేనూ, కోడలూ, పిల్లా. కొడుక్కి పగటి షిఫ్టు. వెనకనుంచి గిలక మోగించారు, డోలు కొట్టారు. పిల్ల ఒకటి రెండుసార్లు ఉలిక్కిపడిందే గానీ ఎటు తిరగాలో దానికి తెలియలేదు. మేడం మొహం చిన్నబోయింది. మిషన్లు తీసి వైరుతో కంప్యూటర్‌కు తగిలించింది. తెర మీద చూసి, కుర్చీ మా వైపు తిప్పుకుంది.

"రోజుకు ఎన్ని గంటలు పెడుతున్నారమ్మా?" అని అడిగింది.

"పొద్దంత మేడం. పడుకున్నప్పుడే తీస్తం" అంది కోడలు.

"కాదమ్మా. ఎంతసేపు ఆన్‌లో ఉన్నాయో ఇవే గుర్తుపెట్టుకుంటాయి. రోజుకు రెండు గంటలు కూడా లేదు. అదీ సాయంత్రం మాత్రమే అయ్యుండాలి."

ఆ బ్యాటరీ తలుపులు తెరవకుండా డబ్బాలో పడేసి ఉంటే గంటలు నడిచినట్టే ఉండేదట. నేను పద్ధతి తప్పలేదు కదా, రోజూ తెరిచే పెట్టాను.

కోడలు తల తిప్పి ఒక్కసారి నావంక చూసింది. అంతే, ఒక్కసారే. నేను పిల్ల గౌనుకున్న దారం సరిచేస్తున్నాను.

మేడం మందలించడం మొదలుపెట్టింది. గట్టిగా కాదు, మెల్లగానే, అందుకే ఇంకా బాధేసింది. తల్లివి నువ్వు పట్టించుకోకపోతే ఎవరు పట్టించుకుంటారమ్మా అంది. ఉద్యోగం తర్వాతైనా దొరుకుతుంది, ఈ నెలలు దొరకవు అంది. ఈ మూడు నెలలు చూసి ఆపరేషన్ గురించి ఏదో ఒకటి తేల్చుదామనుకున్నాం, ఇప్పుడు ఏం చూసి తేల్చాలి అని అడిగింది.

"నాదే తప్పు మేడం. రేపట్నుంచి నేను జూసుకుంట" అంది నా కోడలు.

అప్పుడు నేను నోరు తెరవాలి. ఇన్నేళ్లు అక్కర్లేని వాళ్ల పేర్లన్నీ ఎలుగెత్తి పిలిచిన నోరు, నా ఒక్క మాట దగ్గర పెగల్లేదు.

ఆటోలో ఇంటికి వస్తుంటే నయాపూల్ మీద బండ్లు ఆగిపోయాయి. నా కోర్టు గోడ కనిపిస్తోంది. పిల్ల తల్లి ఒళ్లో నిద్రపోయింది. కోడలు తిడుతుందని చూశాను. ఆ ఆటోవాడు వింటాడని ఆగిందేమో, ఇంటికెళ్లాక తిడుతుంది అనుకున్నాను. కొట్లాటైతే నాకు చేతనవును. ఎదురు నాలుగు మాటలనేదాన్ని, ఏడ్చేదాన్ని, తర్వాత ఏదోలా సర్దుకునేవాళ్లం.

కోడలు ఇంటికొచ్చి పిల్లను పడుకోబెట్టి, మిషన్లు డబ్బాలో పెట్టి, వంటింటి గుమ్మంలో నిలబడింది.

"అందుకేనా అత్తమ్మా, నేను రాంగనె ఏడ్చేది?"

నేను అవునన్నట్టు తలూపాను. ఆమె అక్కడే గోడకు ఆనుకుని కిందికి జారి కూర్చుంది. ఏడవడం కూడా నా ముందు ఏడవలేదు. కాసేపటికి లేచి బియ్యం కడిగింది. ఆ సంగతి నా కొడుక్కి ఆమె ఈ రోజుకీ చెప్పలేదు. ఇది చదివితే వాడికి తెలుస్తుంది, తెలియాలనే రాస్తున్నాను.

మర్నాడు ఆమె రెండు నెలలు సెలవు పెట్టింది. జీతం లేని సెలవు. నేను అంట్లు తోముతూ, బట్టలు ఆరేస్తూ చూస్తుండేదాన్ని. మొదట పిల్లకు ఇష్టమైన ఆట మొదలుపెట్టి, అది నవ్వుతుండగా మిషన్లు పెట్టేది. అరగంట. ఏడుపు రాకముందే తీసేది. రెండు రోజులకు గంట. పిల్ల పీకేస్తే కోపం లేకుండా మళ్లీ పెట్టేది. అట్లా ఒకే ఉదయం పదిహేడుసార్లు పెట్టడం చూశాను. ఊరికే కూర్చోలేక లెక్కపెట్టాను.

రైలు వేళకు పిల్లను ఎత్తుకుని మేడ మీదికి వెళ్లేది. దూరాన రైలు కనబడగానే చెవి దగ్గర వేలు పెట్టి, "అగో, అస్తున్నది. ఇన్నవా? అగో!" అనేది. కూత రాగానే గట్టిగా గుండెకు అదుముకునేది. మొదటి వారం పిల్ల ఏడ్చింది. రెండో వారం తల్లి మెడ పట్టుకుని రైలును కోపంగా చూసింది. మూడో వారం రైలు పోయాక పట్టాల వంక చేయి చాపింది, ఇంకోటి రమ్మన్నట్టు. ఆ చప్పుడు రైలుదని దానికి ఒకరు చూపించాలని నాకు తోచనే లేదు. చప్పుడు తీసేస్తే చాలనుకున్నాను.

సెలవు అయిపోయే ముందురోజు కోడలు డబ్బా తెచ్చి నా చేతిలో పెట్టింది.

"రేపట్నుంచి డ్యూటీకి వోత అత్తమ్మా."

"నాకిస్తున్నవా?" అన్నాను. నా గొంతు నాకే పీలగా వినిపించింది.

"నీకియ్యకుంటె ఎవరికియ్యాలె?" అంది. అందులో ప్రేమ ఉందో, దిక్కులేనితనం ఉందో నాకు అర్థం కాలేదు. రెండూ ఉండి ఉంటాయి.

మేడం నాకు కొత్తగా ఒకటి నేర్పింది. పిల్లను ఒక్కసారే పిలిచి ఆగాలట. మనసులో పది లెక్కపెట్టాలట. దాని మెదడు ఆ మాటను అందుకోవడానికి సమయం పడుతుందట. మూడుసార్లు గుక్కతిప్పుకోకుండా పిలిచే నాకు అది ఎంత కష్టమైందో చెప్పలేను. ఒకసారి పిలిచి, నోరు బిగపట్టి, ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టుకుంటూ కూర్చునేదాన్ని. చాలాసార్లు పది అయ్యేది, పిల్ల తిరిగేది కాదు. మళ్లీ పిలిచేదాన్ని. "లేరు" అని చెప్పడానికి లోపల సార్ ఎవరూ లేరు ఇక్కడ.

మొన్న మళ్లీ చూపించాం. ఈసారి కంప్యూటర్‌కు వైరు తగిలిస్తుంటే నేను పిల్ల గౌను దారమే చూస్తూ కూర్చున్నాను. రోజుకు తొమ్మిది గంటలు అంది మేడం. మెచ్చుకుంది కూడా. కుడి చెవికి మిషన్ పనిచేస్తున్నట్టే ఉందట. ఎడమ చెవికి ఆపరేషన్ కావాల్సి రావచ్చట. పదహారో నెల వచ్చినా మాట మాత్రం ఇంకా లేదు, ఊ, ఆ తప్ప.

కోడలు మందుల చీటీ కోసం బయటికి వెళ్లినప్పుడు నేను అడిగాను. "మేడం, ఆ మూడు నెలలు తీసింది నేనే. మా కోడలు గాదు. నేను తీయకపోతె ఈ పాటికి మాట వచ్చేదా?"

తిడుతుందనుకున్నాను.

"ఎవరూ చెప్పలేరమ్మా" అంది.

కోర్టులో ఎంత చెడ్డ కేసుకైనా ఏదో ఒకరోజు తీర్పు వచ్చేది. నాకు అదీ లేదు. దానికి రెండేళ్లు వచ్చినా, ఐదేళ్లు వచ్చినా, ఒక్కో మాట ఆలస్యమైనప్పుడల్లా నేను లోపల ఇదే అడుగుతూ ఉంటాను, ఎవరూ చెప్పరు.

నిన్న సాయంత్రం పిల్లను ఒళ్లో పెట్టుకుని గుమ్మంలో కూర్చున్నాను. మిషన్లు పొద్దున్నుంచీ దాని చెవులకే ఉన్నాయి. సందు మొదట్లో స్కూటీ మలుపు తిరిగింది. నాకు వినపడింది. కాసేపటికి చప్పుడు దగ్గరపడ్డాక, నా ఒళ్లో పిల్ల ఆడుతున్న గరిటెను వదిలేసింది. తల ఎత్తింది. అటూ ఇటూ వెతికి, గేటు వైపు తిరిగి చూస్తూ ఉండిపోయింది.

గేటు తెరుచుకుంది. కోడలు ఏం తొందరలో ఉందో, హెల్మెట్ తీయడం మరిచిపోయి అట్లాగే లోపలికి వచ్చేసింది. పిల్ల ఆ హెల్మెట్ మొహాన్ని చూసి రెండు చేతులూ చాపింది. కోడలు అక్కడే, గేటు దగ్గరే ఆగిపోయింది.

"ఏడుస్త లేదు అత్తమ్మా" అంది.

నేను పిల్లను ఆమె చేతుల్లో పెట్టి, స్టవ్ మీద పాలు పొంగుతున్నాయని చెప్పి వంటింట్లోకి వచ్చేశాను. స్టవ్ మీద పాలు లేవు.